పాఠశాలావనము: ప్రత్యక్షవిద్యకు క్షేత్రము

ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతువునకు చెప్పిన పాఠములలో ఒకటి మఱ్ఱిపండుతో ఆరంభమగును. తండ్రి కుమారునితో ఆ మఱ్ఱిచెట్టునుండి ఒక పండు తెమ్మనెను. కుమారుడు తెచ్చెను. దానిని చీల్చుమనెను, చీల్చెను. లోపల ఏమి కనబడుచున్నదని అడిగెను. మిక్కిలి సన్నని గింజలు కనబడుచున్నవని కుమారుడు చెప్పెను. ఆ గింజలలో ఒకదానిని చీల్చుమనెను. చీల్చిన పిమ్మట ఏమి కనబడుచున్నదని మరల అడిగెను. ఏమియు కనబడుట లేదని శ్వేతకేతువు బదులు చెప్పెను. అప్పుడుగాని తండ్రి తత్త్వమును చెప్పలేదు. నీ కంటికి కానరాని ఆ సూక్ష్మమునుండియే ఇంతటి మహావృక్షము నిలిచియున్నదని అప్పుడు బోధించెను. ఆ తరువాతి పాఠము ఉప్పుతో జరిగెను. రాత్రి నీటిలో ఉప్పు వేయించి, ఉదయమున దానిని తీసి యిమ్మని, అది కానరాదనగా ఆ నీటినే పైన, నడుమ, అడుగున రుచి చూడుమనెను.

శ్వేతకేతువు సామాన్యుడు కాడు. 12 సంవత్సరములు గురుకులమున నివసించి, సమస్త వేదములను అధ్యయనము చేసి, అంతయు నెరిగితినను గర్వముతో ఇంటికి వచ్చినవాడు. అట్టివానికి ఒక పండును, చిటికెడు ఉప్పును చేతికిచ్చి మరల మొదటినుండి నేర్పవలసి వచ్చినది. పాఠశాల ఆవరణలో పెంచదగిన చిన్న వనమును గూర్చి వ్రాయబూని ఈ కథను మొదట స్మరించుటకు కారణము కలదు. అందు గురువు రెండు పనులను చేసెను. వస్తువును శిష్యుని చేతికిచ్చెను, 'ఏమి కనబడుచున్నది?' అని అడిగి, సమాధానము వచ్చువరకు ఓర్చియుండెను. ఈ రెండును లేనిచో ఎంత అందమైన తోటయైనను పాఠశాలావనము కానేరదు. ఈ రెండును ఉన్నచో నాలుగు మడులైనను చాలును. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన మాట ఇంతియే.

నేటి స్థితి

నేడు మన బాలబాలికలలో అనేకులు కిరణజన్య సంయోగక్రియ అను మాటను అక్షరదోషము లేకుండ వ్రాయగలరు. బడిగుమ్మము ముందున్న చెట్టు వేపయో కానుగయో చెప్పుమన్న తడబడుదురు. ఇది వారి దోషము కాదు. చెట్టును చూపక చెట్టును గూర్చిన మాటలను మాత్రమే మనము వారికిచ్చితిమి. పట్టణములందు పాఠశాలల ఆవరణలు అంతకంతకు సిమెంటుతో కప్పబడుచున్నవి. గ్రామములందు నేల యున్నను, ఆటస్థలమునకు అంచున నాలుగు క్రోటను మొక్కలు నాటి, వాని ముందు 'తాకరాదు' అను పలకను నిలుపుట ఆచారమైనది. నేర్చుకొనుటకై వచ్చిన పిల్లవానితో ఆ పలక చెప్పునదేమి? చూచుట నీకు చాలును, చేయి నీకు అక్కరలేదని కాదా?

పాఠశాలావనమనగా పిల్లలు విత్తి, నీరు పోసి, త్రవ్వి, చూచి, కొలిచి, చూచినదానిని వ్రాసికొనుటకు వీలైన నేల. అందొక కూరగాయల మడి యుండవచ్చును. పక్షులకు నీటిపళ్లెము, ఎరువుగుంట, రెండు మూడు నీడచెట్లు, ఎవరును చక్కదిద్దని ఒక మూల యుండవచ్చును. విస్తీర్ణము ముఖ్యము కాదు. ఐదు సెంట్ల నేలలో ఇవన్నియు ఇమిడిపోవును.

పూర్వుల అనుభవము

ఈ భావము క్రొత్తది కాదు. సత్యకామ జాబాలునికి గురువు మొట్టమొదట ఇచ్చిన పని నాలుగు వందల బక్కచిక్కిన ఆవులను మేపుట. అవి వేయి అగువరకు అతడు అడవిలోనే యుండెను. వృషభము, అగ్ని, హంస, నీటికాకి అతనికి బ్రహ్మోపదేశము చేసినవని ఛాందోగ్యము చెప్పుచున్నది. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత తన ఇరువదినలుగురు గురువులను పేర్కొనుచు భూమిని, వాయువును, తేనెటీగను, సాలెపురుగును ఆ వరుసలో చేర్చెను. ప్రకృతినుండి నేర్చుకొనుట మన సంప్రదాయమున గౌరవమైన విద్యయే.

పాశ్చాత్యదేశములలో 17వ శతాబ్దమునకు చెందిన కొమీనియస్ ప్రతి పాఠశాలకును ఒక తోట అవసరమని చెప్పెను. జర్మనీ దేశమున ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బుర్గు అను ఊరిలో శిశువులకొరకు ఒక విద్యాలయము నెలకొల్పి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరిడెను. బాలోద్యానమని దాని అర్థము. ఆ పేరు కేవలము అలంకారము కాదు. నడుమ ప్రతి బిడ్డకును తనదైన ఒక చిన్న మడి, చుట్టును అందరికిని చెందిన ఉమ్మడి మడులు ఉండవలెనని ఆయన ఏర్పాటు. తన మడిని తాను చూచుకొనుచు, ఉమ్మడి మడికి తన వంతు పని చేయుటలో బిడ్డ సంఘజీవనమును నేర్చునని ఆయన తలచెను. నేడు ఆ పేరు పెట్టుకొన్న బడులు వీధివీధికి ఉన్నవి. వానిలో ఎన్నింటికి తోట యున్నదో పాఠకులే చూడవచ్చును.

మన దేశమున రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనమున ఐదుగురు విద్యార్థులతో బ్రహ్మచర్యాశ్రమమును ప్రారంభించెను. ఎఱ్ఱనేలలతో, చెట్లు అరుదుగా ఉన్న ఆ ప్రదేశము కాలక్రమమున వనమైనది. తరగతులు చెట్లక్రింద జరుగు ఆచారము అచ్చట ఏర్పడినది. 1928లో ఆయన వృక్షారోపణోత్సవమును ఆరంభించెను. ఒక మొక్కను నాటుట అచ్చట పండుగ అయినది. 1922లో సమీపమునందు శ్రీనికేతనమును స్థాపించి, వ్యవసాయమును గ్రామజీవనమును విద్యతో ముడివేసెను. మహాత్మాగాంధి 1937లో వార్ధాలో జరిగిన విద్యామహాసభయందు, చేతిపని ద్వారముననే సర్వవిద్యలను నేర్పవలెనను పథకమును దేశము ముందుంచెను. డాక్టరు జాకీర్ హుస్సేను అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి పాఠ్యక్రమమును రచించెను. వడకుట, నేయుటతోపాటు వ్యవసాయమును, పండ్ల కూరగాయల తోటపనియు ఆ మూలవృత్తులలో చేరినవి. తోటపని పాఠములకు విరామము కాదు, గణితమును ప్రకృతిశాస్త్రమును నేర్పు సాధనమే అని దాని సారాంశము.

మన తెలుగుసీమలోనే మరియొక నిదర్శనము కలదు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆ పట్టణమునకు సమీపమున ఋషివ్యాలీ పాఠశాలను నెలకొల్పెను. వర్షము తక్కువగా కురియు రాతికొండల లోయ అది. అచ్చటివారు దశాబ్దములపాటు చెట్లు నాటి, కొండచరియలను కాపాడి, వాననీటిని నేలలోనికి ఇంకించిరి. లోయ పచ్చబడినది, పక్షులు చేరినవి. 1991లో ఆ లోయ పక్షులకు రక్షితస్థలముగా ప్రకటింపబడినది. అచ్చటి విద్యార్థులకు పక్షిశాస్త్రము గదిలో మొదలు కానక్కరలేదు.

ఒక ఉపాధ్యాయుని తప్పు

ఇంతవరకు మహనీయుల మాట. ఇక ఒక సామాన్య ఉపాధ్యాయుని అనుభవమును చెప్పుదును. ఆ ఉపాధ్యాయుడను నేనే.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మెట్టగ్రామపు పాఠశాలలో నేను ఆరవ తరగతికి ప్రకృతిశాస్త్రము చెప్పుచుంటిని. మొక్కల భాగములలో మనము తినునవి ఏవియని పాఠము. వేరు అను శీర్షికక్రింద ముల్లంగి, క్యారెట్టు, చిలగడదుంప అని నల్లబల్లపై వ్రాసి, ఆ వరుసలోనే వేరుసెనగ అనియు వ్రాసితిని. పేరులోనే వేరు ఉన్నది గదా, భూమిలోనే కాయును గదా యని నా ధైర్యము. వెనుకవరుసనుండి ఒక బాలిక లేచి, "వేరుకు కాయదు మాస్టారూ, ఊడకు కాస్తుంది" అన్నది. తరగతి నవ్వినది. నేను కోపించి ఆ పిల్లను కూర్చుండుమంటిని.

మరునాడు ఆమె తన తండ్రి చేనినుండి ఒక వేరుసెనగ మొక్కను మట్టితో సహా పెరికి తెచ్చి, మాటాడక నా బల్లపై పెట్టినది. చూచితిని. వేరు వేరుగానే యున్నది; దానికి ఒక్క కాయయు లేదు. కాయలన్నియు కొమ్మలనుండి క్రిందికి దిగిన సన్నని కాడల కొనలయందు వ్రేలాడుచున్నవి. నేను బాల్యమునుండి వేరుసెనగ తినుచుంటిని; పట్టముచ్చుకొని శాస్త్రము చెప్పుచుంటిని; ఆ కాడను మాత్రము అంతకుముందు చూచియుండలేదు. మన రైతులు దానిని ఊడ అందురు. మఱ్ఱికి దిగునట్టిదే ఆ పేరు. నల్లబల్లపై వ్రాసిన తప్పును తుడిచి, ఆ బాలికచేతనే సరిగా వ్రాయించితిని. ఆ నాటి సాయంకాలము కిటికీనుండి ఆవరణలోనికి చూడగా, తనిఖీకి వచ్చు అధికారుల మెప్పునకై నేనే నాటించిన క్రోటను మొక్కలును, నేనే వ్రాయించిన 'తాకరాదు' పలకయు కనబడినవి. ఆ పలకను మొదట పాటించినవాడను నేనేనని తోచినది.

వేరుసెనగ మడి

మరుసటి సంవత్సరము జూను మాసమున బడి తెరచినంతనే ఆ పలకను తీసివేసి, ఆ స్థలమున ఆరు మడులు చేయించితిని. ఐదారుగురు పిల్లలకు ఒక మడి. తొలకరి తడికి వేరుసెనగ విత్తిరి. ఒక పుస్తకమున ప్రతిదినము తేదీ వేసి, చూచినదానిని మాత్రమే వ్రాయవలెనను నియమము పెట్టితిని.

మొదటి వారమున ఒక బాలుడు తన గింజ మొలచినదో లేదో చూచుటకై ప్రతిదినము దానిని త్రవ్వుచుండెను. అది మొలవలేదు. ఇతరుల గింజలు మొలచుట చూచి కంట నీరు పెట్టుకొనెను. వానిని దండింపలేదు. చూడవలెనను కోరిక చెడ్డది కాదు; దానికి తగిన మార్గమును చూపుటయే నా పని. ఒక గాజుసీసాలో తడిపిన అద్దుడుకాగితమును చుట్టి, కాగితమునకు గాజునకు నడుమ రెండు గింజలనుంచి యిచ్చితిని. మొలక వేరు క్రిందికే పోవుటను, సీసాను ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టినను మరల వంగి నేలవైపే తిరుగుటను వాడు కనుగొని తరగతికంతకు చూపెను. మట్టిలోని గింజకు మాత్రము ఓర్పు కావలెనని ఆ బాలునకు ఎవరును ఉపన్యాసమీయలేదు.

విత్తిన నెలనాళ్లకు పసుపుపచ్చని పూలు పూచినవి. తెల్లవారుజామున విచ్చి ఆ దినముననే వాడిపోవును గనుక, ప్రొద్దున్నే వచ్చినవారికే నిండుపూలు దొరకినవి. ఆలస్యముగా వచ్చు అలవాటుగల ఇద్దరు తామే వేళకు రాసాగిరి. పూవు వాడిన కొలది దినములకు దాని మొదటినుండి ఊడ బయలుదేరి నేలవైపు సాగినది. 'ఆకాశమున పూచి పాతాళమున కాయుచున్నది' అని ఒక బాలిక తన పుస్తకమున వ్రాసికొన్నది. అప్పుడొక ప్రశ్న పుట్టినది: ఊడ నేలను చేరకపోయిన ఏమగును? నేను సమాధానము చెప్పలేదు. చెప్పకుండుటకు మిక్కిలి కష్టపడితిని. ఒక మొక్కక్రింద పగిలిన పెంకులను పరచితిమి. పెంకుపై నిలిచిన ఊడలు కాయ కట్టలేదు; ప్రక్కమొక్కల ఊడలు మట్టిలోనికి దిగి, ఆ చీకటిలో ఉబ్బి కాయలైనవి.

నడుమ ఒక మొక్కను పెరికి చూచితిమి. వేళ్లకు చిన్నచిన్న బుడిపెలు కనబడినవి. తెగులేమోయని పిల్లలు భయపడిరి. ఒకదానిని గోటితో చీల్చిరి. లోపల లేత ఎఱుపు. ఆ బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలియందలి నత్రజనిని పట్టి మొక్కకు ఆహారముగా నిచ్చుననియు, ఆ ఎఱుపు మన రక్తమునకు రంగునిచ్చు పదార్థమును బోలినదే అనియు అప్పుడు చెప్పితిని. చూచిన తరువాత చెప్పిన మాట గనుక దానిని వారు బట్టీపెట్టవలసిన పని లేకపోయినది. పప్పుజాతి పైరు వేసిన నేలలో తరువాతి పైరు బాగుండునని పెద్దలనుటకు కారణమును వారే ఊహించి చెప్పిరి.

అన్ని మడులును ఫలింపలేదు. పల్లమున ఉన్న మడిలో నీరు నిలిచి మొక్కలు పసుపువారినవి. మరియొక మడిలో ఉడుతలు గింజలను తవ్వి తినినవి. ఆ రెండు మడులవారు మొదట చిన్నబుచ్చుకొనిరి. కాని సంవత్సరాంతమున వారి పుస్తకములే అన్నింటికంటె నిండుగా నుండెను. ఫలించినవారు ఫలమును వ్రాసిరి. ఫలింపనివారు కారణమును వెదకిరి. సుమారు నాలుగు మాసములకు పంట తీసి, కాయలను వేయించి బడి అంతయు పంచుకొని తింటిమి. పంట లేని మడివారికి మొదటి పిడికెడు ఇయ్యవలెనని పిల్లలే నిర్ణయించిరి.

నిమ్మమొక్క, శంకువు, వానకొలత

ఒక్క పైరుతోనే ఇన్ని పాఠములు లభించినపుడు, వనమున మరి కొన్నింటిని చేర్చినచో ఏమి లభించునో చూడుడు.

ఒక నిమ్మమొక్కను గాని కరివేపమొక్కను గాని నాటుడు. దాని లేత ఆకులపై నిమ్మసీతాకోకచిలుక లేతపసుపు రంగుగల గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టును. మూడు నాలుగు దినములలో పురుగు వెలువడును. చిన్నతనమున అది పక్షిరెట్టవలె కనబడి పక్షుల కన్నుగప్పును. పెరిగిన పిమ్మట ఆకుపచ్చనై ఆకులలో కలిసిపోవును. దానిని తాకినచో తలవెనుకనుండి నారింజరంగు కొమ్ములను రెంటిని చాచి ఘాటైన వాసనను వదలును. తరువాత గూడు కట్టుకొని కదలక యుండి, వారము రెండు వారములకు రెక్కలతో వెలువడును. ఇచ్చట పిల్లలకు ధర్మసంకటమొకటి కలుగును. పురుగు కరివేపాకును తినివేయుచున్నది, చంపుదమా? చంపినచో సీతాకోకచిలుక లేదు. మా బడిలో ఈ విషయముపై ఒక గంట వాదము జరిగినది. ఒక కొమ్మ పురుగులది, తక్కిన కొమ్మలు వంటయింటివి అని తుదకు తీర్పు చేసికొనిరి. అహింసను గూర్చి నేను చెప్పిన పాఠములలో ఏదియు దీనివలె వారి మనస్సునకు పట్టలేదు.

ఆరుబయట నిలువుగా ఒక కఱ్ఱను పాతుడు. మన ప్రాచీనులు దీనిని శంకువనిరి. దాని మొదలు కేంద్రముగా నేలపై ఒక వృత్తము గీయవలెను. ఉదయమున నీడ కొన వృత్తమును తాకిన చోటును, మధ్యాహ్నము దాటిన పిమ్మట మరల తాకిన చోటును గుర్తించి కలిపినచో తూర్పుపడమరల గీత ఏర్పడును. శుల్బసూత్రకారులు యజ్ఞవేదికలకు దిక్కులను నిర్ణయించుటకు చెప్పిన విధానమిది. సూర్యుడు నడినెత్తికి వచ్చి నీడ కానరాని దినములు మన ప్రాంతమున సంవత్సరమునకు రెండు కలవు. హైదరాబాదులో అవి మే 9వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు మొదటి వారమునను వచ్చును. మే నెలలో బడి యుండదు. ఆగస్టులో మబ్బు విడిచినచో పిల్లలు తమ కన్నులతో చూడగలరు.

నిటారు గోడలుగల ఒక పాత్రను ఆరుబయట నుంచి వానను మిల్లీమీటర్లలో కొలువుడు. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. 100 చదరపు మీటర్ల బడికప్పుపై 20 మిల్లీమీటర్ల వాన కురిసినచో 2,000 లీటర్లు. ఈ లెక్కను తామే చేసిన పిల్లలు, ఆ నీరంతయు మురుగుకాలువలోనికి పోవుట చూచి ఊరకుండరు.

వనమును ఏర్పరచు విధము

ఇట్టి వనమును ఏర్పరచదలచిన ఉపాధ్యాయులకు ఉపయోగపడునని కొన్ని మాటలు.

1. చిన్నదిగా ఆరంభింపుడు. మొదటి సంవత్సరము ఒక తరగతి, రెండు మూడు మడులు చాలును. ప్రతి మడికిని బాధ్యులెవరో వారికి తెలియవలెను.

2. బడి దినములకు సరిపడు పైరులను ఎన్నుకొనుడు. జూనులో విత్తి నవంబరులోపల ముగియునవి అనుకూలము: వేరుసెనగ, పెసర, బెండ, గోరుచిక్కుడు, తోటకూర మొదలగునవి.

3. నీటికొరకు మధ్యాహ్నభోజనానంతరము చేతులు, పళ్లెములు కడిగిన నీటిని ఒక కాలువద్వారా అరటిపాదులకు మళ్లింపుడు. చెట్టుమొక్కల ప్రక్కన మట్టికుండను మెడవరకు పాతి నీరు నింపినచో, అది మెల్లగా ఊరి వేసవిసెలవులలో సయితము వేళ్లను తడుపును. వారమునకు ఒకటి రెండు మార్లు నింపువారుండిన చాలును.

4. రాలిన ఆకులను కాల్చక ఒక గుంటలో వేసి కుళ్లనిండు. కొన్ని మాసములకు ఎరువగును; వానపాములను చూపుటకు అంతకంటె మంచి చోటు లేదు.

5. ఒక మూలను మీరు దిద్దక విడువుడు. అచ్చట తానై మొలచిన గడ్డి, పూచిన పూవు, చేరిన పురుగు ఏదియో పిల్లలే కనిపెట్టవలెను.

6. జాగ్రత్త వహింపుడు. గన్నేరు, ఉమ్మెత్త విషములు, ఆముదపుగింజను నమలరాదు, జిల్లేడుపాలు కంటికి హాని చేయును. ఇట్టివి చిన్నపిల్లల మడులదరి ఉండరాదు. ఉన్నచో మొదటి పాఠము దానిని గూర్చియే కావలెను. రాళ్లకుప్పలలోను పుట్టలలోను చేయి పెట్టరాదు. పని ముగిసిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగవలెను. పురుగుమందులను బడిలోనికి రానీయకుడు.

7. అన్నింటికంటె ముఖ్యమైనది: పిల్లవాడు అడిగిన ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పకుడు. 'చూచి చెప్పుము' అనుడు.

సందేహములు

పాఠములు ముగింపవలసి యుండగా దీనికి వేళ ఎక్కడిదని కొందరు అడుగుదురు. తోటను పాఠములకు అదనముగా చేర్చినచో ఆ ప్రశ్న న్యాయమే. మడి వైశాల్యము గణితము, దినచర్య పుస్తకము భాషాభ్యాసము, బుడిపెలు ప్రకృతిశాస్త్రము. పాఠమే తోటలోనికి పోవుచున్నది గనుక వేళ పోవుట లేదు. ప్రభుత్వమును దీనికి అనుకూలముగనే యున్నది. 2019లో కేంద్రప్రభుత్వము పాఠశాలలయందు పోషకాహారపు తోటల పెంపకమునకు మార్గదర్శకసూత్రములను వెలువరించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 వరకు గల తరగతులవారికి పుస్తకములసంచి లేని పది దినములను సూచించినది. ఉత్తర్వులు తోటను పెంచలేవు. పెంచదలచినవారికి అడ్డు మాత్రము తొలగించినవి.

నేలయే లేదందురు పట్టణవాసులు. మిద్దెపై పది తొట్లు, గోడప్రక్కన ఒక తీగ, కిటికీలో ఒక గాజుసీసా చాలును. ఆరంభమునకు కావలసినది పిల్లవాని చేయి.

తల్లిదండ్రులు ఒప్పరని మరికొందరందురు. మట్టిపని నుండి తప్పించుకొనుటకే మావాని బడికి పంపితిమని ఒక రైతు నాతో అన్నాడు. ఆ మాటలో ఎంతటి బాధ యున్నదో నే నెరుగుదును. ఆయనకు వాదముతో బదులు చెప్పలేదు. ఒకనాడు బడికి పిలిచి, ఊడ దిగు వేళను గూర్చి పిల్లలకు చెప్పుమని వేడితిని. నేల గుల్లగా ఎందుకుండవలెనో, ఆ వేళ జిప్సము ఎందుకు వేయుదురో ఆయన అరగంట చెప్పెను, పిల్లలు వ్రాసికొనిరి. తన తండ్రి యెరిగిన విద్యను ఉపాధ్యాయుడు సయితము నిలుచుండి వినుచున్నాడని ఆ తరగతిలోని ఆయన కుమారుడు చూచెను. ఆ బాలుని ముఖము నాకింకను జ్ఞాపకమున్నది. మట్టిని అవమానముగా నెంచు విద్య తండ్రికిని కొడుకునకును నడుమ గోడ కట్టును. ఆ గోడను కూల్చుటకు నాలుగు మడులు చాలినవి.

ఫలమెవరిది?

మడిలోని పైరు నాలుగు మాసములలో వచ్చును. చెట్టు అట్లు కాదు. ఆరవ తరగతివారు నాటిన నేరేడు పండ్లనిచ్చునాటికి వారు బడిని విడిచి చాలకాలమగును. ఈ సంగతిని పిల్లలకు దాచక చెప్పవలెను. నీవు నాటినదానిని నీవు తినవు; నీవు కూర్చుండిన నీడను నీవు నాటలేదు. ఈ రెండు మాటలను తెలిసి నీరు పోయు బిడ్డకు నిష్కామకర్మమను పదమును తరువాత ఎప్పుడు నేర్పినను అర్థమగును. ఆ అనుభవము లేనివానికి అది పరీక్షలో వ్రాయవలసిన మరియొక మాటగానే మిగులును.

నా తప్పును దిద్దిన ఆ బాలిక ఇప్పుడెచ్చట నున్నదో ఎరుగను. ఆ పలకను తీసివేసిన చోట ఇప్పుడొక మఱ్ఱిమొక్క యున్నది. తానై గోడపగులులో మొలచినదానిని పిల్లలు తీసి నాటిరి. ఆవరణ చాలదని, మఱ్ఱి పెద్దదగునని నేను సందేహించితిని. మరియొక చోట నాటుదురుగాని, వేరు పట్టువరకైనను ఇచ్చట ఉండనిమ్మని వేడిరి. అది ఇంకను నా మోకాలెత్తు లేదు. ఊడ దిగుటకు ఎన్నో సంవత్సరములు పట్టును. ప్రతి సంవత్సరము క్రొత్తగా వచ్చిన ఆరవ తరగతివారిని దానియొద్దకు తీసికొనిపోయి, ఏమి కనబడుచున్నదని అడుగుదును. ఆపై వారు చెప్పువరకు ఊరకుందును.